రొక్కమిచ్చినా పేరు చెప్పాలా?

కిందటి సంవత్సరం మా కాలేజీలో నేనొక ఉపన్యాసం ఇచ్చాను. గుత్త కంపెనీలు మన చేతిలోని ఫోన్ల ద్వారానే మనల్ని ఎట్లా కనిపెట్టి ఉంటున్నాయో చెప్పాను. ఆ కంపెనీల ఖాతా ఏదీ లేకుండా ఫోను వాడుకోవచ్చునని నా ఫోనే తీసి చూపించాను. అందులో గ్రాఫీన్ ఓఎస్ అనే వ్యవస్థ ఉన్నది, గూగుల్ ఖాతా లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను సంతోషించాను.

అప్పుడు వెనక బెంచీలోనుంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, ఇందాక మీరు పాత పత్రికల పేజీలు స్కాన్ చేసి చూపించిన యాపు డబ్బిచ్చి కొనేది గదండీ. ఖాతా లేకుండా ఎట్లా కొన్నారు?" అని అడిగింది.

నేను కొనలేదు. ఎవరో తాళం పగలగొట్టి ఇంటర్నెట్లో పడేసిన కాపీ దించుకున్నాను. కాస్సేపు నీళ్ళు నమిలి ఆ సంగతే చెప్పాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మా అన్నయ్య ఒక్కడూ కూచుని అట్లాంటి యాపులే చేస్తాడండీ" అని కూచున్నది.

ఆ రోజు నేనామెకు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నం.

ముందు అసలు చిక్కేమిటో చూడాలి. ఆండ్రాయిడ్ మూల కోడు బహిరంగంగానే ఉన్నది. దాన్ని తీసుకుని, గూగుల్ సేవలు లేకుండా, భద్రతను గట్టిపరిచి తయారు చేసినది గ్రాఫీన్ ఓఎస్. 2014లో వేరే పేరుతో మొదలైన ఆ కృషి 2019 నుంచి ఈ పేరుతో సాగుతున్నది. ఉచితంగా దొరికే యాపుల వరకూ ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ భాండారంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాపులు ఎవరైనా దించుకోవచ్చు, పేరు చెప్పనక్కరలేదు. అరోరా స్టోర్ అనే మరొక సాధనం ప్లే స్టోరులోని ఉచిత యాపులను సొంత ఖాతా అడక్కుండా తెచ్చిపెడుతుంది. తంటా అంతా డబ్బిచ్చి కొనదలచినవాడికే!

విచిత్రం చూడండి. ఊరికే పుచ్చుకునేవాడికి పేరు అక్కర్లేదు. న్యాయంగా వెల చెల్లిస్తానన్నవాడికే పేరు కావాలి. కొనాలంటే ప్లే స్టోరులోకి వెళ్ళాలి. వెళ్ళటానికి ఖాతా కావాలి. ఖాతా తెరవబోతే తరచుగా ఫోను నంబరు అడుగుతారు. మన దేశంలో ఫోను నంబరు కావాలంటే గుర్తింపు పత్రం ఇవ్వాలి. ఇంతా అయి యాపు ఫైలు చేతికొచ్చినా అది మీది కాదు. డబ్బు తీసుకునే యాపులు చాలా భాగం తెరిచినప్పుడు ప్లే స్టోరును వాకబు చేస్తాయి: ఈ ఖాతాదారు దీన్ని కొన్నాడా, లేదా? ఖాతా లేకపోతే కొననట్టే లెక్క. కొన్నది ఖాతా గాని మనిషి కాదన్నమాట.

మన పల్లెల్లో శావుకార్లను గురించి మన రచయితలు రాయని కథ లేదు. తప్పుడు తూకాలు, దొంగ పద్దులు, చక్రవడ్డీలు అన్నీ రాశారు. అయితే ఆ శావుకారు కూడా అరువు పెట్టినవాడి పేరే పద్దులో రాసుకున్నాడు. రొక్కమిచ్చి ఉప్పు కొన్నవాణ్ణి "నీ పేరేమిటి, నీ ఇల్లెక్కడ, కిందటి వారం ఏ వీధిలో తిరిగావు?" అని అడగలేదు. రొక్కం పుచ్చుకుని కూడా పద్దు రాసే శావుకారు మన కాలంలోనే పుట్టాడు.

"అయితే ఏం మునిగింది?" అంటారు కొందరు మిత్రులు. వారికి ఒక పుస్తకం సంగతి గుర్తు చేస్తాను. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిషేధించినా అప్పటికే ఇళ్ళలోకి చేరిన ప్రతులు ఆ ఇళ్ళలోనే ఉండగలిగాయి, ఎవరు కొన్నారో చెప్పే చిట్టా లేదు గనక. ఆ నవల ఒక ఖాతాకు కట్టేసిన ఫైలై, తెరిచినప్పుడల్లా దుకాణాన్ని అడిగి తెరుచుకునేదైతే ఒక్క రాత్రిలో ఊరూరా మాయమై ఉండేది. ఇది నా ఊహ కాదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ తన కిండిల్ పరికరాల్లోనుంచి, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న ఒక నవలను వాళ్ళను అడక్కుండా చెరిపేసింది. హక్కుల తగాదా అన్నది. డబ్బు వాపసు ఇచ్చింది. ఆ నవల జార్జ్ ఆర్వెల్ రాసిన '1984'.

ఇక మనలోనే ఉన్నవారి వాదనలకు వస్తాను. నాకు అసలు తగువు వారితోనే.

మొదటి వాదన: గోప్యత అనేది మధ్యతరగతి వ్యక్తివాదం, శ్రామికుడికి దాచుకోవటానికి ఏమున్నది? ఇది వింటే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. 1940ల చివర ఈ గడ్డ మీద వేలమంది మారుపేర్లతో అజ్ఞాతవాసం చేశారు. వాళ్ళకు అన్నం పెట్టిన తల్లులు ఆ మారుపేర్లను కూడా పోలీసులకు చెప్పలేదు. వాళ్ళ వారసులమని సభల్లో చెప్పుకుంటూనే "దాచుకునేదేమున్నది?" అనటం ఏం న్యాయం? ఫ్యాక్టరీలో యూనియను పెట్టబోయే కార్మికుడికి దాచుకునేది ఉన్నది. ఇంట్లో కొట్టే భర్తను వదిలి పోదలచిన స్త్రీకి ఉన్నది. కులం పేరుతో అద్దె ఇల్లు దొరకనివాడికి ఉన్నది. దాచుకోవలసిన అవసరం లేనిది అధికారం చేతిలో ఉన్నవాడికే. తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. న్యాయస్థానం ఒప్పుకున్నదాన్ని అభ్యుదయవాది మధ్యతరగతి జబ్బు అని కొట్టిపారెయ్యటం సిగ్గుచేటు.

అయితే ఈ వాదనలో ఒక నిజం దాగి ఉన్నది, దాన్ని నేను దాటవెయ్యను. గ్రాఫీన్ ఓఎస్ ఇంతకాలం గూగుల్ తయారు చేసే పిక్సెల్ ఫోన్ల మీదనే నడుస్తూ వచ్చింది. వాళ్ళు కోరే భద్రతా ప్రమాణాలు ఆ ఫోన్లలోనే దొరికాయి మరి. అంటే గూగుల్ ఖాతా వదిలించుకోవటానికి గూగుల్‌కే వేలకు వేలు ముట్టజెప్పాలి. నేను జీతగాణ్ణి గనక ముట్టజెప్పాను. పది వేల ఫోనుతో చదువు వెళ్ళబుచ్చే నా విద్యార్థి ఏం చెయ్యాలి? హక్కు అనేది అంగట్లో ఖరీదైన సరుకుగా మారితే దాన్ని కొనగలిగినవాడు పోరాడినట్టు కాదు, తప్పించుకున్నట్టు. ఆనాడు ఉపన్యాసంలో నేను పోరాటమని చెప్పినది తప్పించుకోవటమే.

రెండో వాదన: పెట్టుబడిదారీ దుకాణంనుంచి దొంగిలిస్తే అది దొంగతనం కాదు. నేను చేసినది ఇదే గనక దీని బండారం నాకు బాగా తెలుసు. నేను ఎవరి సొమ్ము ఎగ్గొట్టాను? గూగుల్ తన దుకాణంలో అమ్మకాల మీద 30 శాతం తీసుకునేది. 2021 జూలై నుంచి ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల రాబడి మీద దాన్ని 15 శాతానికి తగ్గించింది. నేను మూడు వందల రూపాయల యాపు ఎగ్గొట్టినప్పుడు గుత్త కంపెనీకి తగిలిన దెబ్బ నలభై అయిదో, తొంభయ్యో. మిగిలినది ఒక్కడూ కూచుని కళ్ళు పోగొట్టుకుని రాసినవాడిది. జమీందారు మీద కోపంతో పాలేరు కంచంలోది తినటం ఏ శాస్త్రంలోనూ విప్లవం కాదు. పైగా ఎవడో తాళం పగలగొట్టిన కాపీలో ఇంకేం కలిపాడో మనకు తెలియదు. నిఘాకు భయపడి గ్రాఫీన్ పెట్టుకున్నవాడు ఆ ఫోనులోకే ముక్కూమొహం తెలియని కాపీని ఆహ్వానించటం, దొంగలకు భయపడి ఇనప తలుపు పెట్టించి కిటికీ తీసి పడుకోవటం లాంటిది.

మూడో వాదన: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడితే చాలు, డబ్బు ప్రసక్తే ఉండదు. ఇది అర్థం చేసుకోకపోవటం వల్ల వచ్చినది. స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమం ప్రకటించిన కాలంనుంచీ చెబుతున్నది ఒకటే: ఇక్కడ స్వేచ్ఛ అంటే హక్కు, ఉచితం కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాడికీ ఆకలి వేస్తుంది. ఓస్మ్ఆండ్ అనే పటాల యాపు, డావ్ఎక్స్5, కాన్వర్సేషన్స్ అనేవి ప్లే స్టోరులో వెలకు అమ్ముడుపోయి, ఎఫ్-డ్రాయిడ్‌లో ఉచితంగా దొరుకుతూ వచ్చాయి. ఉచితంగా దించుకున్న మనలో ఎంతమందిమి ఆ తరవాత విరాళం పంపాం? నేను పంపలేదు. ఇప్పుడు పంపుతున్నాను.

నాలుగో దారి ఒకటున్నది, అది వాదన కాదు, ఉపాయం. గ్రాఫీన్‌లో ప్లే స్టోరును ప్రత్యేకాధికారాలేవీ లేని మామూలు యాపుగా, ఒక వేరు అరలో పెట్టుకోవచ్చు. మారుపేరుతో ఖాతా తెరిచి, రొక్కంతో కొన్న గిఫ్టు కార్డుతో చెల్లించవచ్చు. చేతనైనవారు చెయ్యండి, నేను తప్పుపట్టను. అయితే ఇది పెరటి దారి. ఫోను నంబరు అడిగిన క్షణాన మూతపడుతుంది. ఖాతా పోతే కొన్నవన్నీ దానితోనే పోతాయి. పెరటి దారి తెలిసిన పదిమందికోసం వీధి తలుపు వేసి ఉండటాన్ని మనం ఒప్పుకోకూడదు.

వీధి తలుపు తెరవటం అసాధ్యమని కంపెనీలంటాయి. అబద్ధం. స్విట్జర్లండుకు చెందిన త్రీమా అనే సందేశాల యాపు తన సొంత దుకాణంలో లైసెన్సు తాళంచెవి అమ్ముతుంది, గూగుల్ ఖాతా అవసరం లేదు. స్వీడనులోని ముల్వాడ్ తన ఖాతాదారుకు ఒక అంకె మాత్రమే ఇస్తుంది, పేరు గాని ఈమెయిలు గాని అడగదు. కవర్లో నోట్లు పెట్టి పంపినా పుచ్చుకుంటుంది. ఇద్దరూ వ్యాపారస్తులే, ధర్మసత్రాలు కావు. యూపీఐతో చెల్లిస్తే మాత్రం బ్యాంకుకు తెలియదా అని అడగవచ్చు. తెలుస్తుంది. కాని నేను ఫలానావాడికి మూడు వందలిచ్చానని బ్యాంకుకు తెలియటం వేరు. నేను కొన్నదీ, చూసినదీ, తిరిగినదీ ఒకే చేతిలోని ఒకే పద్దులోకి చేరటం వేరు.

మరి ప్రభుత్వం ఏం చేస్తున్నదంటారా? 2022 అక్టోబరులో కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు ఒకే వారంలో రెండు జరిమానాలు వేసింది. ఆండ్రాయిడ్ విషయంలో 1,337.76 కోట్లు, ప్లే స్టోరు చెల్లింపుల విషయంలో 936.44 కోట్లు. రెండోదాన్ని 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ 216.69 కోట్లకు దించింది. మధ్యలో 2024 మార్చిలో రుసుముల తగాదా వచ్చి గూగుల్ కొన్ని భారతీయ కంపెనీల యాపులను దుకాణంలోనుంచి తీసేసింది. ప్రభుత్వం కలగజేసుకున్నాక మళ్ళీ పెట్టింది. ఈ తగాదాలను నేను చిన్నచూపు చూడను. కాని అవి పెద్ద వర్తకుడికీ చిన్న వర్తకులకూ మధ్య వాటా తగాదాలు. కొనేవాడి పేరు ఎందుకడగాలన్న ప్రశ్న వాటికి కేంద్రం కాలేదు. మనం అడిగితే తప్ప కాబోదు కూడా.

ఇప్పుడు పద్దు రెండో వైపుకూ తిరుగుతున్నది. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది: తాను ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, ప్లే స్టోరు బయటనుంచి తెచ్చుకునే యాపులను రాసినవారు కూడా తమ గుర్తింపు నమోదు చేసుకోవాలి. 2026 సెప్టెంబరులో నాలుగు దేశాల్లో మొదలుపెట్టి, 2027 నుంచి ప్రపంచమంతటా అన్నది. ఎఫ్-డ్రాయిడ్ వంటివారు గట్టిగా ఎదిరించారు. నవంబరుకల్లా, తెలిసినవారికి ఒక ప్రత్యేక మార్గం ఉంచుతామని గూగుల్ చెప్పవలసి వచ్చింది. ఎదిరిస్తే వెనక్కి తగ్గుతారని దీనివల్ల తెలుస్తున్నది. ఎదిరించినంత మేరకే తగ్గుతారని కూడా తెలుస్తున్నది.

ఉపన్యాసం తరవాత నేను ఆ స్కానింగ్ యాపు చేసినవాడికి ఉత్తరం రాశాను. దొంగ కాపీ వాడానని ఒప్పుకుని, డబ్బు నేరుగా పంపుతాను, తాళంచెవి ఇవ్వండి అన్నాను. వేరుగా అమ్మే ఏర్పాటు తనకు లేదనీ, ఒక్కడూ దాన్ని పెట్టుకోలేననీ, డబ్బు వద్దు వాడుకోమనీ మర్యాదగా రాశాడు. ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకోవలసినవాడున్నాడు, మధ్య దారి లేదు. ఆ కాపీ తీసేశాను. అతని దానం పుచ్చుకునే హక్కు నాకున్నదనిపించలేదు.

ఆ దారి వెయ్యటం ఒక్కడి పని కాదు. వెల పెట్టి అమ్మే ఏ యాపునైనా ఖాతాతో నిమిత్తం లేని రశీదు మీద కొనుక్కునే హక్కు చట్టంలో ఉండాలి. ప్రజల డబ్బుతో చేసిన యాపులు ఏ కంపెనీ ఖాతా లేకుండా అందరికీ అందాలి. పది వేల ఫోనుకు కూడా ఈ హక్కు వర్తించాలి. హైదరాబాదులో 'స్వేచ్ఛ' వంటి సంస్థలు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తున్నాయి. మన విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ వాటితో కలిసి, ఒంటరిగా యాపులు చేసేవారు నేరుగా అమ్ముకునే ఉమ్మడి దుకాణం ఎందుకు పెట్టకూడదు? పాలకు సహకార సంఘాలున్నాయి, నేతకు ఉన్నాయి. కోడుకు ఎందుకుండవు?

అమ్మాయీ, ఆ రోజు నువ్వడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: నేను కొనలేదు, కొని ఉండవలసింది, కొనే దారి లేదు. మొదటి రెండూ నా తప్పులు. మూడోది మనమందరం కలిసి దిద్దవలసినది. మీ అన్నయ్యను కూడా రమ్మని చెప్పు.