ఇంటింటి యంత్రములు: కారులోని ఏసీ చల్లబడనప్పుడు

వేసవి ప్రవేశించినది మొదలు మాకు వచ్చుచున్న జాబులలో కారులోని ఏసీని గూర్చినవే హెచ్చుగా నున్నవి. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని చెప్పుకొను మన దేశమున, చంటిబిడ్డలతోను వృద్ధులతోను హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరినవారికి నడిదారిలో చల్లగాలి నిలిచిపోవుట సామాన్యమైన కష్టము కాదు. 45 డిగ్రీల యెండలో అద్దములు బిగించిన బండియందు మూడునెలల శిశువునకు ఇది విలాసవస్తువని మేమనజాలము.

జాబులు వ్రాసిన సోదరీమణులలో పలువురు, గ్యాసు నింపించిన నెల తిరుగకుండగనే మరల వేడిగాలి వచ్చుచున్నదని వాపోయినారు. ఏసీ పనిచేయుట లేదని మాత్రము చెప్పి బండిని అప్పగించినచో మెకానిక్కు తనకు తోచిన మరమ్మతు చేయును. అట్లుగాక, “గాలి బలముగానే వచ్చుచున్నది, బండి ఆగినప్పుడు మాత్రము వేడెక్కుచున్నది” అని లక్షణము చెప్పగలిగిన యిల్లాలికి వృథావ్యయము చాలవరకు తప్పును.

ఏసీ చలిని పుట్టించునది కాదు. బండిలోని వేడిని బయటికి మోయునది. కొత్తకుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు లోపలి నీటిని చల్లబరచుట మనమెరిగినదే. ఇక్కడ నీటికి బదులు ఒక గ్యాసు మూసిన గొట్టములలో తిరుగుచుండును. ఇంజను పట్టాతో తిరుగు కంప్రెసరు దానిని అదిమి పంపగా, అది బండి ముందరనున్న కండెన్సరులో వేడిని విడిచి ద్రవమగును. పిమ్మట డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో మరల ఆవిరియై లోపలి వేడిని పీల్చుకొనును. 1940లో అమెరికాయందు ప్యాకార్డు కంపెనీవారు తమ కారులలో దీనిని తొలుత అమర్చినప్పుడు, కంప్రెసరును ఆపవలెనన్న బండి దిగి పట్టాను ఊడదీయవలసియుండెడిది! మనకు మీట నొక్కిన చాలును.

ముందుగా చూడవలసినది గాలి వచ్చుచున్నదా లేదా యని. బొత్తిగా రానిచో ఫ్యూజు పోయియుండవచ్చును, లేక గాలివిసరు బ్లోయరు చెడియుండవచ్చును. అన్నిటికంటె హెచ్చువేగమున మాత్రమే తిరిగి తక్కిన వేగములందు తిరుగనిచో, తరచుగా లోపము రెసిస్టరు అను చిన్నవస్తువునందే యుండును. గాలి మందముగా వచ్చినచో క్యాబిను ఫిల్టరును చూడుడు. పెక్కుకారులలో నిది ముందుసీటు నెదుటి సొరుగు వెనుక నుండును. మన రోడ్ల దుమ్మునకు అది యేడాదిలోనే మట్టిపలకవలె నగును. దీనిని మార్చుటకు మగవారి సెలవుదినము కొరకు కనిపెట్టుకొనియుండ నక్కరలేదు. బండితో వచ్చిన పుస్తకములో బొమ్మలతోసహా విధానమును చూపియుందురు.

గాలి బాగుగ వచ్చుచు చల్లగా లేనిచో, పిల్లలు వేడిగాలి మీటను త్రిప్పిరేమో మొదట చూడవలెను. నవ్వకుడు, ఇది తరచు జరుగునదే. రోడ్డుపై పోవునప్పుడు చల్లగానుండి సిగ్నలువద్ద ఆగగానే వేడెక్కినచో, కండెన్సరు ఫ్యాను తిరుగుట లేదని యనుమానింపవలెను. కండెన్సరు రేకులనడుమ మట్టియు పురుగులును చేరినను చల్లదనము తగ్గును. సన్నధారగా నీరుపోసి కడిగించిన మేలు. కొంతసేపు చల్లగా వీచి, క్రమముగా గాలియే తగ్గిపోయినచో కాయిలుపై మంచు గడ్డకట్టుచున్నదన్నమాట.

ఇక గ్యాసు మాట. ఇది పెట్రోలువలె ఖర్చగునది కాదు. ఏండ్లు గడచుకొలది అతుకులగుండ ఇంచుక తరుగుట కలదు గాని, నెలలోపల నింపినదంతయు పోయినచో ఎచ్చటనో కారుచున్నదనుట నిశ్చయము. కారు చోటును కనిపెట్టక మరల నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే. గొట్టముల అతుకులవద్ద నూనెమరక కలదేమో చూపింపుమని అడుగుడు. నింపుటకు ముందు గొట్టములలోని గాలిని, చెమ్మను వాక్యూము యంత్రముతో లాగించుమనుడు. బానెట్టు క్రింద నంటించిన చీటీలో ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అను వివరముండును; దానికి మించి నింపినను చల్లదనము తగ్గును. పూర్వము వాడిన ఆర్-12 గ్యాసు ఓజోను పొరకు చేటు చేయుటచేత 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక పిమ్మట తొలగింపబడినది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హానిచేయదు గాని, బొగ్గుపులుసుగాలికంటె వెయ్యిరెట్లకు పైగా భూమిని వేడెక్కించును. కావున దానిని గాలిలోనికి వదలు దుకాణము మంచి దుకాణము కాదు.

గొట్టములను మీరు విప్పకూడదు. ఆ గ్యాసు సున్నకు దిగువ 26 డిగ్రీలకే మరుగునది. చేతికి తగిలిన చర్మము కాలినట్లగును, కంటికి మరింత ముప్పు. బానెట్టు తెరచినప్పుడు పైటచెంగును, జడను దగ్గరగా బిగించుకొనుడు. ఇంజను ఆపినను ఫ్యాను దానంతటది తిరుగవచ్చును.

దారిలో ఏసీ ఆగినచో అద్దములు దించి, నీడన నిలిపి, బిడ్డకు తడిగుడ్డతో ఒడలు తుడువవలెను. ఏసీ వేసియున్నదిగదా యని పిల్లలను బండిలో విడిచి దుకాణములోనికి పోవుట ఎన్నడును తగదు. ఇంజను ఆగిన 10 నిమిషములలోనే లోపలి వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగును. పసివాని శరీరము పెద్దవారికంటె మిక్కిలి వేగముగా వేడెక్కును.

బండి క్రింద నీరు చుక్కలుగా పడుచున్నదని ఒక సోదరి భయపడి వ్రాసినారు. అది కాయిలుపై చేరిన చెమ్మ, భయమక్కరలేదు. ఆ నీరు బండిలోపల కాళ్లక్రింద చేరినచో మాత్రము బయటికి పోవు సన్నగొట్టము పూడినదని యెరుగవలెను. బ్యాటరీని గూర్చి అడిగినవారికి వచ్చునెల బదులు వ్రాసెదము.