నాణెము దొరకెను, చోటు పోయెను

గత మాసములో ఒక ఆదివారము సాయంకాలము మా వీధి చివర నివసించు ఒక యువకుడు జేబురుమాలలో మూటగట్టిన ఏడు నాణెములను తెచ్చి నా బల్లపై పరచెను. మూడు అరిగిపోయిన చిన్న రాగి బిళ్ళలు; రెండింటిపై ఒకప్రక్క ఏనుగు బొమ్మ, అనగా టిప్పు సుల్తాను నాటి మైసూరు పైసలు; ఒకటి కుంపిణీవారి ఇరువది కాసుల నాణెము; ఒకటి వెండిది. రాగివానిని చింతపండుతోను, వెండిదానిని విభూతితోను తోమి తళతళలాడునట్లు చేసియుండెను.

"తాతా, ఇవి ఎంత పలుకుతాయి?" అని అడిగెను.

"ఎక్కడ దొరికాయిరా?" అంటిని.

"పాటిమీద."

"పాటి అంటే నాలుగెకరాల దిబ్బ. ఏ వైపు? ఎంత లోతున? అన్నీ ఒకచోటనా, వేరువేరుగానా? పక్కన పెంకులున్నాయా, బూడిద ఉన్నదా?"

అతడు నవ్వి, "అవన్నీ ఎవరు చూసినారు తాతా, మిషను కూసింది, తవ్వినాను" అనెను.

ఈ వ్యాసము ఆ మాటనుండి పుట్టినది. మన హోసూరు, బారామహలు సీమలోని యువకులు కొందరు మెటల్ డిటెక్టరులను ఇంటికే తెప్పించుకొని, సెలవు దినములలో పాత దిబ్బల వెంటను, పాడుపడిన కోటల వెంటను తిరుగుచున్నారు. సెల్‌ఫోనులో ఇంగ్లండువారి వీడియోలు చూచి నేర్చుకొనుచున్నారు. ఇది జూదము కాదు, త్రాగుడు కాదు, చరిత్రపై అభిమానము పెంచు నిర్దోషమైన వినోదము అని ఇటీవల మన పఠనమందిరములో ఒక మిత్రుడు గట్టిగా వాదించెను. సభలో పలువురు చప్పట్లు కొట్టిరి. నేను కొట్టలేదు. ఆనాడు చెప్పలేకపోయినది ఇక్కడ చెప్పుచున్నాను.

ముందుగా యంత్రము సంగతి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు నేలలోనికి అయస్కాంత క్షేత్రము ప్రసరించును. అచ్చట లోహమున్నచో దానిలో స్వల్ప విద్యుత్తు పుట్టును. దానిని యంత్రము గ్రహించి కూత పెట్టును. సామాన్యమైన డిటెక్టరు నాణెమంత వస్తువును జానెడు లోతున, అనుకూలించినచో మరికొంత లోతున, పసిగట్టగలదు. లంకెబిందెలను బావిలోతున చూపునని అమ్మువారు చెప్పు మాటలను వారి గల్లాపెట్టెకే వదలుదము. అసలు చిక్కు వేరు. యంత్రమునకు లోహము తప్ప మరేమియు వినబడదు. పొయ్యిలోని బూడిద, మాడిన రాగి గింజలు, మట్టిపూస, గుంజ పాతిన గుంట, కుండపెంకు, ఇవి కూయవు. కూసిన బిళ్ళ కొరకు కూయనివాని నన్నిటిని చెల్లాచెదరు చేసి పైకి లాగుటయే ఈ వినోదము.

"బిళ్ళ ముఖ్యముగాని బూడిదయెందుకు?" అనువారికి ఒక ఉదాహరణము చెప్పెదను. ఇది మహారాష్ట్రలోని మన సోదరులకు సమీపమైనదే. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంభి గ్రామములో ఒక వెండి నాణెముల నిక్షేపము బయటపడెను. పదమూడువేలకు పైబడిన నాణెములు. అన్నియు క్షహరాత వంశీయుడైన నహపానునివి. అందులో తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నములను, తన పేరును తిరిగి అచ్చుకొట్టించియుండెను. శాతకర్ణి క్షహరాత వంశమును నిర్మూలించెనని అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహాశాసనములో చెప్పించినది. తల్లి కుమారుని పొగడుట సహజమే గనుక ఎంత నమ్మవలెనో తెలియదు. ఈ నిక్షేపము ఆ మాటకు సాక్ష్యము చెప్పెను: ఓడినవాని డబ్బుపై గెలిచినవాడు తన ముద్ర వేసెను. అంతేకాదు. ఆ నాణెములపై నహపానుని ముఖములు ఒక్కతీరున లేవు. పడుచుముఖములును గలవు, ముదుసలి ముఖములును గలవు. ఇవి ఒక్కనివేనా, ఒకే పేరు ధరించిన పలువురివా అని పండితులు తర్కించిరి.

ఇప్పుడు ఆలోచింపుడు. ఆ పొలమునకు మన మిత్రుని వంటి చరిత్రాభిమానులు పదిమంది డిటెక్టరులతో పోయి, తలకొక వంద తెచ్చుకొని, కొన్ని చుట్టములకు పంచి, కొన్ని సంతలో అమ్మి, మిగిలినవి కరిగించియుండినచో ఏమి మిగులును? బొంబాయిలో ఒక నహపానుడు, పూనాలో ఒక నహపానుడు. చక్కని బొమ్మలే! కాని ఎన్నింటిలో ఎన్ని తిరిగి అచ్చుపడినవో, అన్నియు ఒకే చోట ఎప్పుడు దాగెనో ఎవరును చెప్పలేకపోదురు. అక్కడ సాక్ష్యము పలికినది ఏ ఒక్క నాణెమో కాదు, ఆ గుంపు.

మరి నా బల్లపైనున్న వెండి నాణెము సంగతి. అది 1808 ప్రాంతమున చెన్నపట్టణపు టంకసాలలో కుంపిణీవారు అచ్చువేయించిన పావు వరహా. ఒకవైపు గోపురము, రెండవవైపు విష్ణువు. చుట్టును ఇంగ్లీషు, పారసీ అక్షరములతోపాటు తమిళము, తెలుగు అక్షరములు. చెన్నపట్టణపు వరహాపై తెలుగు! ఈ సీమలో తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారని మాటవరుసకు అనువారి యెదుట ఇంతకంటె ముద్దైన సాక్ష్యము వేరొకటి యుండునా? నేను దానిని కన్నులకద్దుకొంటిని. మరుక్షణమే అది మూగదని తెలిసికొంటిని. చెన్నపట్టణములో తెలుగు చెల్లెనని అది చెప్పును. అది పుస్తకములలోను ఉన్నది. మన పాటిమీద ఎవరి యింటిలో, ఏ కుండలో, ఏ ఇతర డబ్బుతో కలిసి అది నిదురించెనో మాత్రము చెప్పదు. టిప్పు పైసలతో ఒకే కుండలో దొరికియుండినచో, దొరతనము మారిన కాలమున ఒక యింటివారు పాత డబ్బును, క్రొత్త డబ్బును కలిపి దాచుకొనిరని తెలిసెడిది. వేరువేరు చోట్ల రాలినవైనచో కథ వేరు. ఈ రెండింటిలో ఏది నిజమో ఇక బ్రహ్మకును తెలియదు. వెండికి విభూతి పూసితిమి, చరిత్రకును పూసితిమి.

మనవంటివారికి ఈ నష్టము ఇతరులకంటె హెచ్చు. రాజధానులలో కోటలు కట్టినవారికి శాసనములు మిగులును, తాళపత్రములు మిగులును. చెరువు త్రవ్వి, రాగి చల్లి, నేతనేసి తరతరములుగా పొరుగు భాషలవారి నడుమ బ్రతికినవారికి మిగులునది కుండపెంకు, అరిగిన కాసు. అట్లని మట్టిలోనిదానిని ఇది తెలుగుది, అది కన్నడముది అని పంచుకొనుమనుట నా ఉద్దేశము కాదు. తెలుగులో కావ్యము వ్రాసిన కృష్ణదేవరాయలు తన బంగారు వరహాపై తన పేరును నాగరలిపిలో వేయించెను. దేవాలయ శాసనములను ఏ సీమలో ఆ సీమ భాషలో చెక్కించెను. మట్టికి మనవలె మాతృభాషాభిమానము లేదు. అది అందరి లెక్కలను కలిపి వ్రాసిన చిట్టా. చిట్టాలోని పుటలను చింపి ఒక్కొక్క కాగితము అమ్ముకొనువానిని మనము కరణమని పిలువము గదా!

"ఇంగ్లండులో చేయుట లేదా?" అని మిత్రుడు సభలో ప్రశ్నించెను. చేయుచున్నారు. ఎట్లు చేయుచున్నారో కూడ చెప్పవలసియుండెను. 1992 నవంబరులో సఫోక్ ప్రాంతమున హాక్స్‌నె గ్రామములో ఒక రైతు పొలములో సుత్తి పోగొట్టుకొనెను. అతని స్నేహితుడు డిటెక్టరుతో వెదకబోగా నాణెములు బయటపడెను. అతడు కొంత తీసి, సంగతి గ్రహించి, పార క్రిందపెట్టి అధికారులకు కబురుపెట్టెను. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి మట్టిని పొరలు పొరలుగా విప్పిరి. దాదాపు పదిహేనువేల రోమను నాణెములు! అవియన్నియు చెక్కపెట్టెలో ఏ విధముగ సర్దబడెనో కూడ తెలిసికొనగలిగిరి. చెక్క కుళ్ళిపోయినను మట్టిలో జాడ మిగిలెను. దొరకినవానికి, రైతునకు కలిపి పదునేడున్నర లక్షల పౌనుల బహుమానము ముట్టెను. ఆ సుత్తి కూడ దొరకెను. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. తరువాత 1996లో వారు నిధుల చట్టము చేసికొనిరి, 1997లో చిన్న చిన్న వస్తువులనైనను దొరకిన చోటుతో సహా నమోదుచేయు పద్ధతి నెలకొల్పిరి.

అక్కడను అందరు హాక్స్‌నె మనుష్యులు కారు. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరు వైకింగుల నాటి నిక్షేపమును కనుగొని దాచివేసిరి. సుమారు మూడువందల నాణెములుండెనని అంచనా. మొదట చిక్కినవి ముప్పదికి అటునిటు. ఆల్ఫ్రెడ్ రాజును, పొరుగురాజు చెయోల్‌వుల్ఫును చెలిమితో కలసి ఏలిరని తెలుపు అరుదైన నాణెములు అందులో ఉండెను. 2019లో న్యాయస్థానము వారికి దీర్ఘకారాగారశిక్షలు విధించెను. శిక్ష పడెను గాని మిగిలిన నాణెములలో పెక్కు రాలేదు. మన మిత్రుడు ఇంగ్లండునుండి యంత్రమును మాత్రము దిగుమతి చేసికొని, దానితోపాటు రావలసిన కాగితమును, కలమును ఓడలోనే విడిచివచ్చినట్లున్నది.

ఇక "సర్కారువారు మాత్రము ఏమి చేయుచున్నారు?" అను ప్రశ్న. ఇది పదునైన ప్రశ్నయే, దీనిని తప్పించుకొనను. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా దౌండియాఖేడాలో ఒక సాధువునకు వెయ్యి టన్నుల బంగారము కలలో కనబడినదన్న వార్త వెంట, సాక్షాత్తు కేంద్ర పురావస్తుశాఖ పలుగు పార పట్టెను. బంగారము దొరకలేదు. 2017 చివర మన ఆంధ్రలోనే కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి కొరకై అధికారుల యెదుటనే త్రవ్వకము సాగెను. అక్కడను నిధి లేదు. కావలివాడే కలలు కనునపుడు కుర్రవానిని ఏమనగలమని మీరు అడుగవచ్చును. నిజమే. కాని పెద్దలు గోడ దూకిరని పిల్లలను దూకుమందుమా?

డిటెక్టరు పట్టిన ప్రతి యువకుడు గుప్తనిధుల ముఠావాడని నేననను. 2019 జూలైలో ఆనెగొంది వద్ద తుంగభద్ర నడుమనున్న నవబృందావనములో వ్యాసరాయల బృందావనమును నిధి ఆశతో పగులగొట్టినవారు వేరు, మా వీధి కుర్రవాడు వేరు. అతడు చీమకు హాని చేయడు. కాని "లోపల ఏదో ఉన్నది, అది తీసికొన్నవానిది" అను ఊహ ఇద్దరిలోను ఒక్కటే. ఒకరు రాత్రి, ఒకరు పగలు.

చట్టము ఈ ఊహను అంగీకరించదు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము నేలలో దాగి దొరకినది పదిరూపాయల విలువ మించినచో కలెక్టరునకు తెలుపవలెను. దాచినను, ఆనవాలు పట్టరాకుండ మార్చినను ఏడాదివరకు ఖైదు. కర్ణాటకములో 1962లో ప్రత్యేక చట్టమే చేసిరి. 1972 చట్టము దృష్టిలో నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని వ్యక్తులు దేశము దాటించరాదు. రక్షిత స్థలములలో అనుమతిలేని త్రవ్వకము 1958 చట్టము క్రింద నేరము. మా కుర్రవానికి వీనిలో ఒక్కటియు తెలియదు. సభలో చప్పట్లు కొట్టిన పెద్దలలో ఎందరికి తెలుసునో అడుగుటకు సంకోచించుచున్నాను.

ఔత్సాహికులు వలదా? వలెను. గోదావరి తీరమున కోటిలింగాలలో నేలపై దొరకిన నాణెములను ఒక స్థానికుడు ఓపికతో సేకరించి చూపకపోయినచో, పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు తొలి శాతవాహనుల సంగతి వ్రాయగలిగెడివారు కారు. కరూరు వద్ద అమరావతి నది ఇసుకలో దొరకు నాణెములనుండి సంగమకాలపు రాజుల నాణెములను తమిళ పండితులు గుర్తించిరి. నది ఏనాడో కలిపివేసిన దానిని ఏరుటలో చెరుపు తక్కువ. పోయిన ఉంగరమును, పొలములో జారిన నాగటి మేకును వెదకుటకు డిటెక్టరు ఎంతయు మంచిది. పాటిదిబ్బపై మాత్రము వలదు. అక్కడ కూత వినబడినను పార దించరాదు. నేలపై దొరకినదైనచో తోమక, కడుగక, దొరకిన చోటు సర్వే నంబరుతో కాగితముపై వ్రాసి తహసీలుదారుగారికి తెలుపవలెను. ఇందుకొక పుస్తకమును మన సంఘ కార్యాలయములో ఉంచవలెనని వచ్చు సమావేశములో ప్రతిపాదించెదను. మిత్రుడు వ్యతిరేకింపదలచినచో స్వాగతము.

ఆ యేడు నాణెముల సంగతి చెప్పి ముగించెదను. మరుసటి ఆదివారము అతనిని వెంటబెట్టుకొని పాటికి పోతిని. నడుమ రెండు వానలు కురిసెను, గుంతలు పూడిపోయెను. మొదట తుమ్మచెట్టు క్రింద అనెను, పిదప గట్టు ప్రక్క అనెను, తుదకు తల గోకికొనెను. "ఉండు తాతా, ఫొటో తీసినాను" అని సంతోషముతో సెల్‌ఫోను తెరచి చూపెను. బొమ్మ నిండ అతని అరచేయి, అరచేతిలో వెండి నాణెము. నేల ఎక్కడను కనబడలేదు.