పొరుగింటి పునరుత్థాన పండుగ

మా మదరసా ఉన్న వీధి చివర ఒక చిన్న చర్చి ఉంది. ఏటా గుడ్‌ఫ్రైడే నాడు అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు ఏడు మాటల ప్రసంగాలు జరుగుతాయి. సిలువపై యేసు పలికినట్లు వారి గ్రంథాలు చెప్పే ఏడు మాటలను ఒక్కొక్కరు లేచి ఒక్కొక్కటి వివరిస్తారు. అది శుక్రవారమే గనుక మనకు జుమా, వారికి ఉపవాస ప్రార్థన. ఆ పూట వీధిలో తెల్లబట్టలే ఎక్కువగా కనిపిస్తాయి.

గత ఏడాది ఆ రోజు మూడు దాటిన తరువాత చర్చి విడిచిపెట్టారు. మా పిల్లలు గేటు దగ్గర నిలుచున్నారు. వారిలో పద్నాలుగేళ్ల విద్యార్థి ఒకడు, అటుగా వస్తున్న ఒక వృద్ధురాలితో, "ఏమ్మా, ఈ రోజు మీ దేవుణ్ణి చంపేశారటగా?" అన్నాడు. తక్కినవారు నవ్వారు. ఆమె పరాయి మనిషి కాదు. మా పిల్లల కుర్తాలు, పైజామాలు ఏళ్ల తరబడి కుట్టిపెడుతున్న తల్లి. రెండేళ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్నది. ఆమె బదులు పలకలేదట. తలవంచుకొని వెళ్లిపోయిందట.

ఇషా నమాజు తరువాత ఈ సంగతి మా చెవిన పడింది. మొదట కోపం వచ్చింది. పిల్లవాణ్ణి పిలిపించి, ఎందుకలా అన్నావని గద్దించాము. వాడు నదురూ బెదురూ లేకుండా, "ఉస్తాద్, ఈసా (అ)ను సిలువ వేయలేదని మీరే కదా చెప్పారు!" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. అవును, చెప్పాము. అన్నిసా సూరాలోని ఆ ఆయతును (4:157) పదాల వారీగా విడదీసి చెప్పాము. కాని ఆ సిలువ మన పొరుగువారి గుండెలో ఎక్కడ ఉందో ఒక్కనాడూ చెప్పలేదు. తప్పులో సగం మాదే. మరునాడు నిత్యపాఠం ప్రక్కనపెట్టి ఈ విషయమే బోధించాము. ఈ నెల శీర్షికలో పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నది ఆ పాఠమే.

క్రైస్తవుల విశ్వాసాన్ని వారి నోటనే వినాలి. యేసు శ్రమపడి మరణించాడని, మూడవ నాడు దేవుడు ఆయనను సమాధిలోనుండి లేపాడని, నలభై దినాల తరువాత పరలోకానికి చేర్చుకొని తన కుడిపార్శ్వాన కూర్చుండబెట్టాడని వారు నమ్ముతారు. మొదటిది పునరుత్థానం, రెండవది ఆరోహణం. రెంటినీ కలిపి మన తెలుగు క్రైస్తవులు 'హెచ్చింపు' అనే మాట వాడుతారు. హెచ్చింపుకు ఎదురుమాట 'తగ్గింపు'. ఈ రెండు మాటల జోడీ తెలిస్తే వారి విశ్వాసం సగం తెలిసినట్లే.

ఈ జోడీకి మూలం పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక, రెండవ అధ్యాయం. ఆ పత్రికను ఆయన చెరసాలలో ఉండి వ్రాశాడు. అందులోని ఆ కొన్ని వచనాలు పౌలు కంటే ముందే విశ్వాసుల నాలుకలపై ఉన్న కీర్తన అని చాలామంది పండితుల అభిప్రాయం. దాని భావమిది: ఆయన దైవస్వరూపంలో ఉండి కూడా దానిని పట్టుకొని కూర్చోలేదు, దాసుని రూపం ధరించాడు, మరణానికి, అదీ సిలువ మరణానికి లోబడ్డాడు, అందుచేతనే దేవుడు ఆయనను అందరికంటే ఎత్తుకు హెచ్చించాడు. ఈ 'అందుచేతనే' అన్నదే కీలకం. శ్రమ ముగిసిన తరువాత దొరికిన పరిహారంగా వారు హెచ్చింపును చూడరు. ఆ తగ్గింపులోనుండే అది మొలిచిందంటారు.

సిలువ మరణం అంటే ఏమిటో కూడా తెలియాలి. రోమన్ల కాలంలో అది బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. రోమ్ పౌరులకు సాధారణంగా ఆ శిక్ష వేసేవారు కాదు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటును అణచివేసిన తరువాత, కాపువా నుండి రోమ్ దాకా రహదారి పొడవునా 6,000 మందిని సిలువ వేశారని చరిత్ర చెబుతున్నది. దారిన పోయేవారంతా చూడాలి, జడుసుకోవాలి. ప్రాణం తీయడం కంటే పరువు తీయడమే ఆ శిక్ష ఉద్దేశం. అటువంటి శిక్ష పడినవాడు దేవుని కుడిపార్శ్వాన ఉన్నాడని చెబితే ఆనాటి లోకం పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఆనవాలు నేటికీ ఉంది. రోమ్ నగరంలోని పాలటైన్ కొండపై 1857లో ఒక పాతగోడ బయటపడింది. దానిపై ఎవరో మొనతో గీసిన బొమ్మ: సిలువపై గాడిద తల ఉన్న మనిషి, క్రింద చేయెత్తి మొక్కుతున్న మరొకడు. అలెక్సమెనోస్ అనేవాడు మొక్కే దేవుడు ఇతడేనని గ్రీకులో ప్రక్కన వ్రాత. సుమారు 1,800 ఏళ్ల నాటిదని అంచనా. ఆ అలెక్సమెనోస్ ఎవరో, ఆ వెక్కిరింతకు ఏమని బదులిచ్చాడో ఎవరికీ తెలియదు. ఈ సంగతి చెప్పగానే తరగతిలో మా పిల్లవాడు తలదించుకున్నాడు.

ఆ బొమ్మ గీసినవాడు మన మతంవాడు కాడు కదా అని మనం చేతులు దులుపుకోలేము. జెరూసలేములో యేసు సమాధి అని క్రైస్తవులు నమ్మే చోట ఒక ప్రాచీనమైన చర్చి ఉంది. అరబ్బు క్రైస్తవులు దానిని 'కనీసతుల్ ఖియామహ్' అంటారు. ఖియామహ్ అంటే లేచుట. మనం ప్రళయదినానికి వాడే ఖియామత్ అదే మాట. మధ్యయుగాలలో కొందరు ముస్లిం రచయితలు ఆ పేరులో ఒక అక్షరం మార్చి, ఖియామహ్‌ను 'ఖుమామహ్' చేశారు. ఖుమామహ్ అంటే చెత్తకుప్ప. 1009లో ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ ఆ చర్చినే పడగొట్టించాడు. మాటతో మొదలైనది చేతల దాకా పోయింది.

అయితే అదే చర్చికి సంబంధించి మరో చరిత్ర కూడా ఉన్నది. జెరూసలేము స్వాధీనమైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆ చర్చిలో నమాజు చేయడానికి నిరాకరించారని చెబుతారు. తాము అక్కడ నమాజు చేస్తే, రేపు ముస్లింలు దానిని మస్జిదుగా మార్చుకుంటారేమోనని ఆయన శంకించారట. శతాబ్దాలుగా ఆ చర్చి తాళంచెవి దాచేది జౌదా కుటుంబం, తలుపు తెరిచేది నుసైబా కుటుంబం. ఇద్దరూ ముస్లింలే. క్రైస్తవ లోకమంతా తరలివచ్చే ఆ పునరుత్థాన మందిరం తలుపు ముస్లిం చేతితో తెరుచుకుంటుంది. ఈ ఇద్దరిలో ఎవరి వారసులము కావాలో మన ఇష్టం. అల్ అన్ఆమ్ సూరాలో (6:108) అల్లాహ్‌ను విడిచి ఇతరులు వేడుకునేవాటిని దూషించవద్దని మనకు ఆజ్ఞ ఉన్నదన్న సంగతి మాత్రం మరువరాదు.

ఇక మన విశ్వాసం. ఈసా (అ)ను వారు చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు, అల్లాహ్ ఆయనను తనవైపునకు లేవనెత్తుకున్నాడని ఖుర్ఆన్ ప్రకటిస్తున్నది (4:157–158). ఇందులో మనకు సందేహం లేదు. దేవుడు మానవ రూపం ధరించాడన్న మాటను, ఒకరి పాపభారాన్ని మరొకరు మోశారన్న మాటను కూడా మనం అంగీకరించము. ఏ ప్రాణీ మరో ప్రాణి భారం మోయదన్నది ఖుర్ఆన్ పలుచోట్ల చెప్పిన సూత్రం. ఈ భేదాలను దాచిపెట్టి తియ్యగా మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అలా మాట్లాడేవారిని పొరుగువారు కూడా నమ్మరు.

కాని మనవారు కొందరు ఒక తప్పుడు వాదన చేస్తూ ఉంటారు. తన ప్రవక్తకు అంతటి అవమానం జరగనివ్వడం అల్లాహ్ ఘనతకు తగదట! ఇది ఖుర్ఆన్ వాదన కాదు. ఇస్రాయీలీయులు ప్రవక్తలను అన్యాయంగా చంపారని ఖుర్ఆనే చెబుతున్నది (2:61). తాయిఫ్‌లో మహాప్రవక్త (స)పై రాళ్లు రువ్వారు, పాదాలు రక్తసిక్తమయ్యాయి. ఉహుద్‌లో ఆయన పన్ను విరిగింది, పినతండ్రి హమ్జా (రజి) దేహాన్ని ఛిద్రం చేశారు. శ్రమ పడటం ప్రవక్తలకు తలవంపు అయితే వీటన్నిటికీ ఏం సమాధానం చెబుతాము? ఈసా (అ) సిలువ వేయబడలేదని మనం నమ్ముతున్నది అల్లాహ్ అలా తెలిపాడు గనుకనే. సిలువ మరణం పొందినవాడు హీనుడన్న లెక్క రోమన్లది, మనది కాదు.

మా బోధనలో పిల్లలు అన్నిటికంటే ఎక్కువ ఆసక్తితో విన్నది ఒక క్రియాపదం గురించి. ఈసా (అ) విషయంలో ఖుర్ఆన్ వాడిన మాట 'రఫఅ', అంటే పైకెత్తుట. ఇద్రీస్ (అ)ను ఉన్నత స్థానానికి ఎత్తిన చోటా అదే మాట (19:57). విశ్వాసులకు, జ్ఞానం ఇవ్వబడినవారికి అంతస్తులు పెంచే చోటా అదే (58:11). మక్కాలో ఎగతాళికి గురైన దినాలలో మహాప్రవక్త (స)ను ఓదారుస్తూ, నీ ప్రస్తావనను ఉన్నతం చేశామని అన్న చోటా అదే (94:4). అల్లాహ్ కొరకు అణకువ వహించినవాణ్ణి అల్లాహ్ ఉన్నతుణ్ణి చేస్తాడని తెలిపే సహీహ్ ముస్లిం హదీసులోనూ అదే క్రియ. తగ్గింపు, హెచ్చింపు అన్న జోడీ మనకు కొత్త కాదన్నమాట. ఎవరు తగ్గారు, ఎంతవరకు తగ్గారు అన్న దగ్గరే దారులు చీలుతున్నాయి.

మరొక తేడా ఉంది. పునరుత్థానాన్ని పౌలు తొలి పనతో పోల్చాడు (కొరింథీయులకు మొదటి పత్రిక, 15వ అధ్యాయం). కోతలో మొదటి పనను యూదులు దేవునికి అర్పించేవారు. ఒక పన వచ్చిందంటే చేను పండిందని, తక్కినదంతా వెనుకనే వస్తుందని గుర్తు. యేసు లేచాడు గనుక మృతులందరూ లేస్తారని, ఆయన లేవకపోతే తమ విశ్వాసమే వ్యర్థమని ఆయన వాదన. మన నిరీక్షణ ఒక వ్యక్తి లేవడంపై ఆధారపడలేదు. మొదటిసారి పుట్టించినవాడే మళ్లీ బ్రతికిస్తాడని ఖుర్ఆన్ చెబుతుంది (36:79). వాన పడగానే చలించి ఉబికే బీడు భూమిని చూపిస్తుంది (41:39). రెండు వాదనలు వేరు. కాని రెండూ చేరేది సమాధి దగ్గరకే.

ఇక్కడికి వచ్చేసరికి ఆ దర్జీ తల్లి మాకు గుర్తుకు వచ్చింది. ఆమె శుక్రవారం మూడు గంటలు కూర్చొని విన్నది ఎప్పుడో, ఎక్కడో జరిగిన మరణం గురించి మాత్రమే కాదు. ఆ తొలి పన నిజమైతేనే ఆమె కొడుకు లేస్తాడు. మా పిల్లవాడి వెక్కిరింత తగిలింది ఆ బిడ్డ సమాధికి. తరగతిలో ఈ మాట చెబుతూ మేమే కాసేపు ఆగవలసి వచ్చింది.

శనివారం అసర్ తరువాత పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వారింటికి వెళ్లాము. ఆమె వాకిట్లో ఒక బకెట్టులో సున్నం కలుపుతున్నది. తెల్లవారితే పండుగ, మా వీధి క్రైస్తవులు ఆ వేకువజామున సమాధుల దగ్గరకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందుగా సమాధికి వెల్ల వేయాలి. "రండి మౌల్వీగారూ" అని కుర్చీ వేసింది. పిల్లవాడు చెప్పవలసిన మాట చెప్పాడు, సగం గొంతులోనే ఉండిపోయింది. ఆమె, "పోనీలే నాయనా, నీ పైజామా పొడవు సరిపోయిందా?" అని అడిగింది.

బకెట్టు బరువుగా ఉంది. శ్మశానం గేటు దాకా తాను మోస్తానని వాడు మావైపు చూశాడు. తలూపాము. గేటు దగ్గర దింపి తిరిగి వస్తూ, "ఉస్తాద్, ఆమె కొడుకు మళ్లీ లేస్తాడని మనం కూడా నమ్ముతాము కదా?" అన్నాడు.

"నమ్ముతాము" అన్నాము. మగ్రిబ్ అజాన్ వినబడటంతో నడక వేగం పెంచాము.