పుణ్యానికి మొలిచిన మీసం

మీసానికి మన భాషలో ఉన్నంత పని మరే వెంట్రుకకూ లేదు. గెలిచినవాడు దాన్ని మెలివేస్తాడు. పందెం కాసినవాడు ఓడితే తీయించుకుంటానంటాడు. మింగ మెతుకు లేనివాడు సైతం దానికి సంపెంగ నూనె కావాలంటాడు. ఇంత చాకిరీ చేసిన మీసం ఎవరి ప్రాణమైనా నిలబెట్టిందా అంటే మాత్రం జవాబు చెప్పడం కష్టం.

ఆ లోటు ఆస్ట్రేలియావారు తీర్చారు. 2003లో మెల్‌బోర్న్ నగరంలో ట్రావిస్ గరోన్, ల్యూక్ స్లాటరీ అనే ఇద్దరు మిత్రులు బీరు పుచ్చుకుంటూ, పాత ఫేషన్లన్నీ తిరిగి వస్తున్నాయి గదా, మీసం ఏం పాపం చేసిందని వాపోయారు. ముప్పయి మందిని పోగుచేసి నవంబరు నెల్లాళ్లూ మీసం పెంచమన్నారు. స్నేహితుడి తల్లి ఒకామె రొమ్ము కేన్సరు కోసం చందాలు వసూలు చేయడం చూసి, తమ వేడుకను మగవాళ్ల ఆరోగ్యానికి ముడిపెట్టారు. అక్కడివారు మీసాన్ని ముద్దుగా ‘మో’ అంటారు. దానికి నవంబరు తోక తగిలించి ‘మోవెంబర్’ అన్నారు. 2004లో 54 వేల డాలర్లు పోగయితే ప్రోస్టేటు కేన్సరు సంస్థకు ఇచ్చారు. తర్వాత ఆ వేడుక ఇరవై పైచిలుకు దేశాలకు పాకింది.

నియమాలు కచ్చితమైనవే సుమండీ! ఒకటో తేదీన మూతి నున్నగా గీసుకోవాలి. మీసం గడ్డంతో కలవరాదు. పెట్టుడు మీసం పనికిరాదు.

అక్కడ చదువుకుంటున్న నా పాత శిష్యుడొకడు చీమలబారు వంటి మీసంతో ఫొటో పంపి చందా అడిగాడు. “ఇదేమి అవతారంరా?” అన్నాను. కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉన్నదట. చూసినవాడు అడగకుండా ఉండలేడు. అడిగినవాడికి వీడు చెప్పకుండా ఉండడు.

మన ఊళ్లో నవంబరు ఒకటిన మీసం తీస్తే ఆ ప్రశ్న వేరు. “నాన్నగారు కులాసాయేనా?” అంటారు. తండ్రి ఉండగా మీసం తీయరాదని చాలా ఇళ్లలో పట్టింపు. నేను ఒక్కసారే తీశాను, ఆయన పోయిన పదోనాడు.

ఆయనకు నడుము నొప్పి. మూత్రానికీ ఇబ్బంది. మొదటిది తైలంతో సరిపెట్టారు. రెండోది మా అమ్మతో కూడా అనలేదు. ఏడాది తర్వాత డాక్టరు చూసేసరికి ప్రోస్టేటు కేన్సరు ఎముకలకు చేరింది. “ఆయన్ని సిగ్గే తినేసింది నాయనా” అన్నది అమ్మ.

ఆ గ్రంథి మూత్రాశయం కింద అక్రోటు కాయంత ఉంటుంది. కేన్సరు తొలిదశలో చాలామందికి ఏ బాధా తెలియదు. రాత్రిళ్లు పదేపదే లేవవలసి వస్తే అది కేన్సరే కానక్కరలేదు. వయసుతో గ్రంథి ఉబ్బడం వల్ల కూడా కావచ్చు. ఏదన్నది తేల్చవలసింది డాక్టరు, తైలంబుడ్డి కాదు. యాభై దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఆ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే, పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష సంగతి డాక్టరుతో మాట్లాడడం మంచిది. కుర్రవాళ్లకు వృషణాల కేన్సరు రావచ్చు. గట్టి గడ్డ తగిలితే దాచకూడదు. త్వరగా పట్టుకుంటే అది చాలామందికి పూర్తిగా నయమయ్యే జబ్బు. మనసులో దిగులు గూడుకట్టుకున్నా అంతే, పైకి చెప్పాలి. ఆ పనీ మోవెంబరువారు నెత్తికెత్తుకున్నారు.

చందా పంపాను. “సంతోషం మాస్టారూ! మరి మీరు పరీక్ష చేయించుకున్నారా?” అన్నాడు శిష్యుడు. తరగతిలో ప్రశ్నలు వేయడం నా అలవాటు. ఈసారి నీళ్లు నమలడం నా వంతయింది. మర్నాడే వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. ఆ సంగతి ముందు మా ఆవిడకు చెప్పాను, తర్వాత మా అబ్బాయికి.

వాడికి ఇప్పుడిప్పుడే నూనూగు మీసాలు వస్తున్నాయి. వాటిని తీయవలసిన రోజు వాడికి చాలా ఆలస్యంగా రావాలని నా ఆశ.