సాలు వదలకుండా మందు నమ్ముతామా?

రైతు సోదరులారా, ఈ పోస్టు కొంతమందికి కోపం తెప్పిస్తుంది. తెప్పించినా సరే, చివరిదాకా చదవండి.

"ఈ ఆకు రసం తాగండి, 21 రోజుల్లో కొలెస్ట్రాల్ మాయం, గుండె గోలీలు అవతల పారెయ్యండి" అని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. సంతల్లో చూర్ణం డబ్బాలు అమ్ముతున్నారు. అడిగితే ఒకటే మాట: "చెట్టు మందు, కెమికల్ కాదు, హాని ఉండదు."

పట్నం వాళ్లు నమ్మారంటే సరే, మనమెలా నమ్ముతాం? గన్నేరు చెట్టు కాదా? ఉమ్మెత్త చెట్టు కాదా? పొగాకు కషాయానికి పురుగు ఎందుకు చస్తుంది? ఆకులో ఉన్నదీ రసాయనమే. పనిచేసేది ఏదైనా మోతాదు మించితే దెబ్బ కొడుతుంది.

డాక్టరు రాసే స్టాటిన్ గోలీ ఎక్కడ పుట్టిందో తెలుసా? బూజులో. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో దాదాపు 6,000 రకాల సూక్ష్మజీవుల్ని వడపోసి మొదటి స్టాటిన్ని పట్టుకున్నాడు. 1987లో అమెరికాలో అనుమతి వచ్చిన లోవాస్టాటిన్ కూడా బూజు నుంచి తీసిందే. మరది సహజమా, కెమికలా? ఆ ప్రశ్నే తప్పు. పరీక్షకు నిలిచిందా లేదా అన్నదే అడగాలి.

గుగ్గులు సంగతే చూడండి. రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ముళ్లపొద బంక అది. సుశ్రుతుడు చెప్పిన మేదోరోగం మాట పట్టుకుని జి.వి. సత్యవతి గారు కాశీ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మీద పరీక్షించి, 1966లో సిద్ధాంత గ్రంథం ఇచ్చారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాన్నుంచి మందు తయారుచేసింది. మన దేశంలో జరిగిన పరీక్షల్లో కొలెస్ట్రాల్ తగ్గిందన్నారు. కానీ 2003లో అమెరికాలో 103 మందితో 8 వారాలు పరీక్షిస్తే, గుగ్గులు తిన్నవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ 4, 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి గోలీ తిన్నవాళ్లకు 5 శాతం తగ్గింది! కొందరికి దద్దుర్లూ వచ్చాయి.

ఉత్తుత్తి గోలీ ఎందుకంటారా? కొత్త పురుగుమందు వచ్చినప్పుడు కొట్టకుండా ఒక సాలు వదిలి చూస్తామే, అందుకే. సాలు వదలకపోతే పురుగు మందుకి చచ్చిందో, వానకి పోయిందో ఎలా తెలుస్తుంది? చూర్ణం అమ్మేవాణ్ణి అడగండి, ఏ సాలు వదిలి చూశావని. నీళ్లు నములుతాడు.

అలాగని మన వంటింటిని తీసిపారెయ్యడం లేదు. మెంతుల్లో జిగురు పీచు ఉంటుంది. పేగులో ఉబ్బి పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. లివరు మళ్లీ పైత్యరసం చెయ్యడానికి రక్తంలోని కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. అవిసె గింజల పీచుదీ ఇదే దారి. తినండి, మంచిదే. కానీ తగ్గేది కొంచెమే. స్టాటిన్ అయితే చెడు కొలెస్ట్రాల్ని 30 నుంచి 50 శాతం దాకా దించుతుంది. స్టెంటు వేసుకున్న మనిషి మెంతినీళ్లు నమ్మి గోలీ మానెయ్యడం అంటే వరద కాలవకి గడ్డిపరక అడ్డం పెట్టడమే.

"ఇదంతా కంపెనీల కుట్ర" అంటారు. అయ్యా, ఈ గోలీలు ఇప్పుడు జనరిక్ షాపుల్లో చవగ్గా దొరుకుతున్నాయి. మీ చూర్ణం డబ్బా ధర పక్కన పెట్టి లెక్కెయ్యండి, ఎవరు దోచుకుంటున్నారో తేలుతుంది. గోలీలతో కొందరికి కండరాల నొప్పులు వచ్చే మాట నిజమే. అది డాక్టరుకి చెప్తే మోతాదో మందో మారుస్తాడు. ఇంట్లో కూర్చుని మానేస్తే ఎవడికి తెలుస్తుంది?

కొలెస్ట్రాల్ వేరుపురుగు లాంటిది. పైకి ఏమీ కనపడదు. మొక్క వాడిపోయాక తవ్వి చూస్తే వేరే ఉండదు. అందుకే "నాకు బాగానే ఉంది" అన్న మాట చెల్లదు, రక్తపరీక్ష కాగితమే చెల్లుతుంది.

ఏ ఆకు తింటున్నా డాక్టరు దగ్గర దాచొద్దు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు వెల్లుల్లి క్యాప్సూళ్లు కలిపితే రక్తస్రావం కావచ్చు. డాక్టరు బాబులూ, మీరూ ఆకు మాట ఎత్తగానే కసురుకోకండి. మీరు కసురుకుంటేనే మావాళ్లు సంతకి పోతున్నారు.

విత్తనం కొనేటప్పుడు బిల్లు అడుగుతాం, లాట్ నంబరు చూస్తాం. గుండెకి వేసే మందు దగ్గర ఆ జాగ్రత్త ఎందుకు పోవాలి?