ముట్టుకునే ముందు ఒక్క మాట

మా అమ్మాయి మొదటి కాన్పుకు నేను వెళ్లలేదు. 2018లో డాలస్ నుంచి అది ఫోన్ చేసి "అమ్మా, టికెట్ తీయనా" అని అడిగినప్పుడల్లా మోకాళ్ల నొప్పులన్నాను. బడిలో సెలవు దొరకదన్నాను. గవర్నమెంటు టీచర్ని కదా, దేశం దాటాలంటే ఎన్‌వోసీ కావాలి, అది ఎప్పటికి వస్తుందో అన్నాను. చివరికి మా వియ్యపురాలే వెళ్లి పురుడు పోసి వచ్చింది. కన్నకూతురి పురిటికి పోకుండా ఎలా ఉండగలిగావని తెనాలిలో మా బంధువులు ఒకరిద్దరు మొహం మీదే అడిగారు. తల దించుకుని ఊరుకున్నాను. నా మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. నా భయమల్లా విమానాశ్రయంలో సెక్యూరిటీ చెకింగ్ దగ్గర ఆడవాళ్ల కోసం కట్టిన తెర.

విమానమంటే భయం కాదు. 2014లో టీచర్ల శిక్షణకని మొదటిసారి విమానం ఎక్కాల్సి వచ్చింది. నాతో ఇంకో నలుగురు టీచర్లున్నారు. ఎంతో ఉత్సాహంగా బయల్దేరాం. మగవాళ్లు గబగబా దాటిపోయారు. ఆడవాళ్లకు ఒక్కటే వరస. హ్యాండ్‌బ్యాగు ట్రేలో పెట్టి, మెటల్ డిటెక్టర్ ద్వారం దాటి, ముదురు నీలం తెర తొలగించుకుని లోపలికి వెళ్లాను. ఇద్దరు నిలబడితే నిండిపోయే జాగా. కింద ఒక పీట. ఎదురుగా ఖాకీ బట్టల్లో ఓ అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. పీట ఎక్కమని సైగ చేసింది. చేతులు చాచాను. నల్లపూసల దగ్గరకొచ్చేసరికి ఆమె చేతిలోని యంత్రం కుయ్యిమంది. ఆ అమ్మాయి కొంగు కింద చేయి పెట్టి గొలుసు తడిమి చూసింది. చేసింది అంతే.

నాకు చెవులు మూసుకుపోయాయి. వీపంతా చెమట. చాచిన చేతులు దించడం చేతకాలేదు. అయిపోయింది, వెళ్లమని ఆమె రెండుసార్లు చెప్పిందట, నాకు వినపడలేదు. అప్పుడు ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు మారడం నాకు కనిపించింది. ఇంకొకామెను పిలిచింది. ఇద్దరూ కలిసి నన్ను మొదటినుంచీ మళ్లీ తడిమారు, ఈసారి ఇంకా గట్టిగా. వణికే చేతులు, తడారిన నోరు, పలకని మనిషి. దొంగకూ ఇవే గుర్తులు, భయపడ్డవాళ్లకూ ఇవే గుర్తులు. ఆ అమ్మాయిని తప్పు పట్టను. ఆమెకు నేర్పింది ఆమె చేసింది. కానీ ఎక్కువ భయపడేవాళ్లను ఎక్కువ తడమడమనేది ఆ పద్ధతిలోనే ఉంది. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నా సంగతి చెప్పక తప్పదు. 1983లో నేను ఎనిమిదో తరగతి. ఒక హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఓ వానాకాలం రాత్రి వార్డెన్ గారి ఉంగరం కనిపించలేదు. మా గదిలో పిల్లలందరినీ లేపి, బియ్యం బస్తాలుండే స్టోరు రూము ముందు నిలబెట్టారు. తలుపు లేదు, పాత దుప్పటి తెరలాగా కట్టారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. లోపల ఉన్నది ఇద్దరు ఆడవాళ్లే. అక్కడ జరిగినదాన్ని వెతకడం అనరు. అంతకుమించి రాయను. ఉంగరం మర్నాడు పొద్దున స్నానాల గదిలో గూట్లో దొరికింది. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత వంటామె చెప్పింది.

అందుకే "తనిఖీ చేసేది ఆడమనిషే కదా, ఇంకేం భయం" అని ఎవరన్నా అంటే నా దగ్గర జవాబుండేది కాదు. నిజమే, ఎంతోమంది ఆడవాళ్లకు ఆ ఒక్క ఏర్పాటే కొండంత అండ. బస్సులో, తిరునాళ్లలో మగచేతుల వల్ల గాయపడ్డవాళ్లకు అది చాలా అవసరం. నాలాంటివాళ్లకు చాలదు. అరెస్టయిన ఆడమనిషిని సోదా చేయాల్సి వస్తే మరో ఆడమనిషే చేయాలి, అదీ మర్యాదకు ఏమాత్రం భంగం రాకుండా చేయాలి అని పాత సీఆర్‌పీసీలో ఉండేది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. ఆ వాక్యంలో షరతులు రెండు. మొదటిది అందరికీ కంఠస్థం. రెండోది ఎవరికీ గుర్తుండదు. నేరం మోపి పట్టుకున్న మనిషికే చట్టం ఇంత చెప్పినప్పుడు, టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషికి అంతకు తగ్గకూడదు కదా.

తనిఖీలు వద్దనడం లేదు. 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ రావాల్సిన విమానాన్ని కాందహార్‌కు మళ్లించినప్పుడు మేమంతా టీవీల ముందు ఎలా కూర్చున్నామో నాకు గుర్తుంది. ఆ తర్వాత రెండు నెలలకే, 2000 ఫిబ్రవరిలో, జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల భద్రత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) చేతికి వచ్చింది. ఆ పీట దగ్గర నిలబడే ఆడపిల్లలు షిఫ్టుకు వందలమందిని చూస్తారు. వాళ్ల కాళ్లనొప్పులు నిజమైనవి. నా మనవరాలు ఎక్కే విమానాన్ని కాపాడేది వాళ్లే. నేనడిగేది ఒక్కటే. ముట్టుకునే ముందు చెప్పండి.

ఆ ఒక్క మాట చాలని నాకు ఎలా తెలిసిందో చెప్తాను. 2022 చివర్లో అమ్మాయి రెండోసారి నీళ్లోసుకుంది. ఈసారి మోకాళ్ల పేరు చెప్పలేకపోయాను. ఫోన్‌లో హాస్టల్ సంగతంతా చెప్పేశాను. ముప్పై తొమ్మిదేళ్లలో నా నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు. అవతల అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మా, నువ్వు రాకపోయినా నాకేం కోపం లేదు. కానీ ఇది మాత్రం ఎవరికైనా చూపించుకో" అంది. గుంటూరులో ఒక సైకాలజిస్టు దగ్గరకు వెళ్లాను. ఆవిడ మొదట చెప్పిన మాట నాకు మందులా పనిచేసింది. ఇది పిరికితనం కాదండీ, మీ బుర్ర మిమ్మల్ని కాపాడాలని చూస్తోంది, కాకపోతే దానికి ఆ రాత్రి ఇంకా తెల్లవారలేదు, అన్నారు.

ఆరు నెలల్లో ఆవిడ నేర్పినవి చూడటానికి చిన్నవి. గాలి పీల్చేదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదలడం. అరికాళ్ల కింద నేల ఎలా ఉందో గమనించడం. చుట్టూ కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు మనసులో అనుకోవడం. నేను తెలుగు టీచర్ని కాబట్టి వస్తువుల బదులు అక్షరాలు ఎంచుకున్నాను, ఎదురుగా ఏ బోర్డు కనిపిస్తే అందులో ఒత్తులు లెక్కపెట్టేదాన్ని. ఆ తర్వాత మెట్లు మెట్లుగా అలవాటు చేశారు. సంక్రాంతి సెలవుల్లో కూకట్‌పల్లిలో మా చెల్లెలింటికి వెళ్లి, రోజూ మెట్రో ఎక్కాను. స్టేషన్లో ఆడవాళ్ల తనిఖీ దగ్గర ఎవరూ లేని వేళ చూసి మొదటిరోజు చెల్లెలు చేయి పట్టుకుని వెళ్లాను. వారానికి ఒక్కదాన్నే వెళ్లగలిగాను. భయం పోయిందని అనను. భయంతోనే దాటడం వచ్చింది.

చివరికి ఓ చిన్న అట్టముక్క మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రాసుకున్నాను: "నన్ను తనిఖీ చేయడానికి నాకు అభ్యంతరం లేదు. పాత దెబ్బ ఒకటుంది. చేయి వేసే ముందు ఎక్కడ వేస్తున్నారో చెప్పండి." 2023 వేసవి సెలవుల్లో శంషాబాద్‌లో తెర తీసుకుని లోపలికి వెళ్లి, ముందు ఆ అట్ట అందించాను. ఆ అమ్మాయి హిందీలో రాసింది చదువుకుంది. నన్ను పైకీ కిందకీ చూసింది. యంత్రం ఎత్తి, "కంధా" అంది. భుజాలు తడిమింది. "పీఠ్" అని వీపు. "కమర్" అని నడుము. మెట్టెల దగ్గర యంత్రం అరిచింది, వంగి చూసి తనే "ఠీక్ హై" అంది. ఒక నిమిషం కూడా పట్టలేదు. పీట దిగాక నా చేతులు మామూలుగానే కిందికి దిగాయి. తెర బయటికొచ్చి, ట్రేలో బ్యాగు తీసుకుని, ఓ పక్కన నిలబడి ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. విమానాశ్రయాల్లో ఏడ్చేవాళ్లు కొత్తేమీ కాదు.

తిరిగొచ్చేటప్పుడు డాలస్‌లో మనిషంత ఎత్తు స్కానర్లో నిలబెట్టారు. తెర మీద బొమ్మ వస్తుంది గానీ అది మన ఒళ్లు కాదు, అందరికీ ఒకటే బొమ్మ. నా జడ దగ్గర పసుపుపచ్చ గుర్తు వచ్చింది. అక్కడి ఉద్యోగిని జుట్టు ముట్టుకుంటానని ముందే చెప్పింది. వేరే గదిలో చేయించుకోవాలంటే చేయించుకోవచ్చని కూడా చెప్పింది. నేను తల ఊపాకే చేయి వేసింది. అమెరికా కాబట్టి అంతా సవ్యమని చెప్పడం లేదు. 2010లో అక్కడ ఒళ్లు తడిమే పద్ధతి కఠినం చేసినప్పుడు జనం గగ్గోలు పెట్టారు. ఒంటిని దాదాపు ఉన్నదున్నట్టు చూపించే స్కానర్లను 2013లో తీసేయాల్సి వచ్చింది. అడిగారు కాబట్టి మారింది.

మన దగ్గరా 84 విమానాశ్రయాల్లో బాడీ స్కానర్లు పెట్టాలని 2019లో పౌర విమానయాన భద్రతా సంస్థ ఆదేశించింది. గడువు 2020 మార్చి. అది దాటి ఏళ్లయింది. యంత్రాలు ఎప్పుడొస్తే అప్పుడు రానీండి, మాటకు టెండర్లు అక్కర్లేదు.

'మయూరి' సినిమా చూసి ఏడ్చిన తరం మాది. అందులో నటించిన సుధాచంద్రన్, విమానాశ్రయంలో ప్రతిసారీ కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని 2021 అక్టోబరులో వీడియోలో చెప్పుకుంటే గుండె కలుక్కుమంది. సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా వికలాంగుల కృత్రిమ అవయవాలను తీయించకూడదని, వాళ్ల గౌరవం కాపాడాలని అంది. ఆవిడ కాలు కనిపిస్తుంది. నాలాంటివాళ్లది కనిపించదు. కనిపించనివాటి కోసం 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో పొద్దుతిరుగుడు పువ్వుల ట్యాగు మొదలుపెట్టారు, మెడలో వేసుకుంటే ఈ మనిషితో కాస్త నెమ్మదిగా మాట్లాడాలని సిబ్బందికి అర్థమవుతుంది. మంచిదే. కానీ నాకు నా మెడలో బిళ్ల వేసుకోవడం కంటే, అందరికీ చెప్పి చేయడమే ఇష్టం. ఆ వరసలో ఎవరికి ఏ రాత్రి గుర్తుందో ఎవరికి తెలుసు? ట్యాగు అడగడానికీ, అట్టముక్క రాసుకోవడానికీ ముందు తనకేమైందో తనకు తెలియాలి. నాకే నలభై ఏళ్లు పట్టింది.

అలా చెప్పి చేయడానికి టైము చాలదంటారు. "హాథ్ ఊపర్" అని ఎలాగూ చెప్తూనే ఉన్నారు. దానికి "భుజం", "నడుము", "కాళ్లు" అని మూడు మాటలు కలపడానికి ఎంత టైము? శంషాబాద్, గన్నవరం, విశాఖల్లో ఆ మూడూ తెలుగులో నేర్చుకోవడం పెద్ద పనా? సీఐఎస్ఎఫ్‌లో మొట్టమొదటి మహిళా బెటాలియన్‌కు 2024 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది. కొత్తగా చేరే ఆడపిల్లలకు తుపాకీ పట్టడం నేర్పిన రోజే ఇదీ నేర్పాలి. తెర బయట ఓ బోర్డు పెట్టి, లోపల ఏం జరుగుతుందో, వేరే గది ఎలా అడగాలో మన భాషలో రాయాలి.

ఈ మాట తనిఖీ చేసే మనిషిగా కూడా చెప్తున్నాను. పదో తరగతి పరీక్షలకు డ్యూటీ పడితే ఆడపిల్లల దగ్గర చీటీలున్నాయేమో చూసే పని నాదే. 2017లో కేరళలోని కణ్ణూర్‌లో నీట్ రాయడానికి వచ్చిన ఆడపిల్లల చేత లోదుస్తులు తీయించారని చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 2022లో కొల్లం జిల్లాలో మళ్లీ అదే ఫిర్యాదు. నేను పిల్లల జేబుల్లో ఉన్నవి వాళ్ల చేతే తీయిస్తాను. చేయి వేయాల్సి వస్తే, "జడ చూస్తానమ్మా" అని చెప్పి చూస్తాను. దానివల్ల ఏ ఏడూ పరీక్ష ఆలస్యం కాలేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా తెర చూస్తే గుండె దడదడలాడేట్టుంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వానిది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

పోయిన నెల, ఆ హాస్టల్లో నా ముందు నిలబడ్డ పిల్లకు ఫోన్ చేశాను. పిల్లేమిటి, ఇద్దరు మనవళ్లున్నారు. మేం ఏటా పండక్కి మాట్లాడుకుంటాం గానీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తాను. కాసేపాగి, "నాకు బట్టల షాపులో ట్రయల్ రూం తెరలే. ఇప్పటికీ కొలతకు పాత జాకెట్టు ఇస్తాను గానీ లోపలికి పోను" అంది. కొడుకు పూణె రమ్మని విమానం టికెట్ తీశాడట, వద్దనలేక నిద్రపట్టడం లేదంది.

"ఆ తెర వెనక ఏం చేస్తారో మొత్తం చెప్పవే. ఒక్కటి కూడా వదలొద్దు."

చెప్పాను. ట్రే దగ్గర మొదలుపెట్టాను. తర్వాత ద్వారం, తర్వాత తెర, పీట. చేతులు ఎంత ఎత్తాలో చెప్పాను. యంత్రం ఎక్కడెక్కడ అరుస్తుందో, అరిస్తే ఏం చేస్తారో చెప్పాను. అట్టముక్క మీద ఏం రాయాలో రాసుకుంది. పీట దిగడం దాకా వచ్చాక ఆగాను.

"ఇంకోసారి చెప్పు" అంది.

మళ్లీ ట్రే దగ్గర నుంచి మొదలుపెట్టాను.