ఖనిజం పాఠం మనకెందుకు?

హాస్టల్ సాంబారు గురించి మనకెవరూ చెప్పనక్కరలేదు. లైన్లో ముందు నిలబడినవాడి కంచంలో నీళ్లు, చివరివాడి కంచంలో పప్పు! బరువైనది అడుక్కి దిగుతుంది. ఈ చిన్న సత్యానికీ ప్రపంచంలోని కొన్ని గొప్ప గనులకూ దగ్గర సంబంధం ఉందంటే నమ్ముతారా?

దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్‌నే చూడండి. సుమారు 205 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి మాగ్మా, అంటే కరిగిన శిలాద్రవం, విడతలు విడతలుగా ఎగదన్ని, చాలావరకు బయటికి రాకుండా రాళ్ల మధ్యనే పరుచుకుంది. పైనున్న రాళ్లు దుప్పటిలా కప్పడంతో చాలా నెమ్మదిగా చల్లారింది. చల్లారేటప్పుడు ఖనిజాలన్నీ ఒకేసారి గట్టిపడవు. ఆలివిన్, పైరాక్సిన్, క్రోమైట్ వంటివి ముందుగా స్ఫటికాలై అడుగున చేరాయి. తేలికైన ఫెల్డ్‌స్పార్ ఆ తరువాత. ఇలా కిలోమీటర్ల మందాన పొర మీద పొర ఏర్పడింది. అయితే స్ఫటికాలు కేవలం బరువుతోనే దిగాయా, వేరే విధంగా కూడా పేరుకున్నాయా అని శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు.

కొత్త మాగ్మా వచ్చి పాతదానిలో కలిసినప్పుడు కొంతకాలం క్రోమైటే ఎక్కువగా గట్టిపడి నల్లని పట్టీగా మిగిలిందని చాలామంది చెబుతారు. గంధకం మోతాదు మించితే సల్ఫైడ్ చుక్కలు నీళ్లలో నూనెలా విడిపోతాయి. కానీ ఇవి తేలవు, మునుగుతాయి. మునుగుతూ ప్లాటినం, నికెల్, రాగిని తమలోకి లాక్కుంటాయి. 1924లో కనుగొన్న మెరెన్‌స్కీ రీఫ్ అలాంటి పొరే. చాలాచోట్ల మీటరు మందం కూడా ఉండదు. టన్ను రాయి తవ్వితే దొరికే ప్లాటినం కొద్ది గ్రాములే!

ఆ పలుచని పొర కోసం మనుషులు వందల మీటర్ల లోతుకు దిగుతారు. 2012 ఆగస్టు 16న మరికానాలో, నెలకు 12,500 రాండ్ల జీతం అడుగుతూ సమ్మె చేస్తున్న ప్లాటినం గని కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 34 మంది చనిపోయారు. హాస్టల్లో అడుగు పప్పు చివరివాడికైనా దక్కుతుంది. గనిలో అడుగుకు దిగినవాడికి దక్కింది ఇదా?

ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు. మన దేశపు క్రోమైట్‌లో అత్యధిక భాగం ఒడిశాలోని సుకిందా లోయది. అక్కడి నీటిలో కలిసిన విషపు క్రోమియం కారణంగా 2007లో ఆ లోయ ప్రపంచంలోని పది అతి కలుషిత ప్రాంతాల జాబితాకెక్కింది. బొమ్మలకు పేరుపడ్డ మన కొండపల్లి కొండల్లోనూ ఇలాంటి పొరల శిలలు, కొంత క్రోమైట్ ఉన్నాయి.

"మనకెందుకురా ఈ రాళ్ల గొడవ, ఏదో ఉద్యోగం వస్తే చాలు" అనే తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. పొర ఎటు వాలిందో, ఎంత మందముందో లెక్కగట్టగలిగినవాడే గని విలువ చెప్పగలడు. విలువ తెలిసినవాడే కూలి ఎంతో, ఊరికి రావలసిందెంతో గట్టిగా అడగగలడు. అడిగేవాళ్లు గనిలో ఉంటే చాలదు, లెక్క వేసే బల్ల దగ్గరా ఉండాలి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్ర విభాగాలున్నాయి. మన హాస్టల్ నుండి ఎందరం ఆ గడప తొక్కాం?

ఇన్నాళ్లూ మనవాళ్లు పలుగు పట్టుకుని గనిలోకి దిగారు. ఇక మనం పుస్తకం పట్టుకుని కూడా దిగుదాం!